బ్రజోరియా నుంచి ఆన్సన్ దాకా: ఒక పల్లెటూరి డాక్టర్ తిరిగిన దారుల్లో నేనూ మా నాన్నా

టెక్సాస్‌లో ఉండే మన తెలుగువాళ్ళలో శామ్ హ్యూస్టన్ పేరు విననివాళ్ళు ఉండరు, ఆస్టిన్ పేరైతే చెప్పక్కర్లేదు, ఎందుకంటే ఆ పేర్లున్న ఊళ్ళలోనే మనం ఇళ్ళు కొనుక్కుని లోన్లు కట్టుకుంటున్నాం. ఆన్సన్ జోన్స్ అనండి, "ఎవరాయన?" అంటారు. టెక్సాస్ ఒక విడి దేశంగా ఉన్న రోజులున్నాయి, 1836లో మెక్సికో నుంచి విడిపోయి 1845 చివర్లో అమెరికాలో కలిసేదాకా. ఆ దేశానికి చివరి ప్రెసిడెంట్ ఈ జోన్స్. అంతకు ముందు నది ఒడ్డున బ్రజోరియా అనే ఊళ్ళో చలిజ్వరాలకి మందులిచ్చుకునే డాక్టర్.

మా నాన్న కనిగిరి దగ్గర పల్లెలో ముప్పై ఏళ్ళకి పైనే ప్రాక్టీస్ చేశారు. ఈ చలికాలం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో మా ఇంటికొచ్చి, లైబ్రరీ నుంచి టెక్సాస్ చరిత్ర పుస్తకాలు తెచ్చుకుని చదవడం మొదలుపెట్టారు. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర "ఒరేయ్, చివరి ప్రెసిడెంటు డాక్టరంటరా, పాపం చివరికి ఎట్టా అయిపోయాడో చదివావా" అని అడిగారు. నేను చదవలేదు, తర్వాత చదివాను, చదివాక ఆ ఊళ్ళన్నీ ఆయనకి చూపించాలని నాకే అనిపించింది. పాపకి స్కూలుంది కాబట్టి తనూ మా ఆవిడా ఇంట్లోనే ఉన్నారు, మేమిద్దరం కార్లో బయల్దేరాం. మొన్ననే తిరిగొచ్చాం, మర్చిపోకముందే రాసేస్తున్నా.

మార్చి 19, బ్రజోరియా

ముందురోజు రాత్రికే షుగర్‌ల్యాండ్‌లో ఫ్రెండ్ ఇంటికి చేరాం. పొద్దున్నే వాళ్ళమ్మగారు ఇడ్లీలు, కారప్పొడి, నెయ్యి పెట్టి, దారిలోకి పులిహోర డబ్బా కట్టిచ్చి, "అక్కడ మీకేం దొరుకుతుంది నాయనా" అన్నారు. వెళ్ళేముందు అష్టలక్ష్మి గుళ్ళో 2024లో నిలబెట్టిన ఆ తొంభై అడుగుల ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని, రోసెన్‌బర్గ్ మీదుగా 36వ నంబరు హైవే పట్టుకుని దక్షిణానికి దిగాం.

నీడ్‌విల్ దాటిన కాసేపటికి సబర్బ్ వాసన పూర్తిగా పోతుంది. నేలంతా చదును, నల్లమట్టి, అక్కడక్కడా లైవ్ ఓక్ చెట్లు, వాటి కొమ్మల నుంచి బూడిదరంగు నాచు జడల్లే వేలాడుతూ. ఎదురొచ్చే పికప్ ట్రక్కుల వాళ్ళు స్టీరింగ్ మీద నుంచి రెండు వేళ్ళు పైకి లేపి పలకరిస్తారు, మనం ఎవరో వాళ్ళకి తెలీదు, అయినా లేపుతారు. నాలుగో ట్రక్కుకల్లా నాన్న కూడా తిరిగి లేపడం మొదలుపెట్టారు. మధ్యలో వెస్ట్ కొలంబియా వస్తుంది, 1836లో ఈ రిపబ్లిక్‌కి మొదటి రాజధాని అదే, ఇప్పుడు చిన్న ఊరు, కాఫీ తాగి వచ్చేశాం.

బ్రజోరియా ఇంకా చిన్నది. జోన్స్ ఇక్కడికొచ్చింది 1833 అక్టోబరులో, అప్పటికాయనకి ముప్పై అయిదేళ్ళు, అప్పటిదాకా ఆయన చేసిన ప్రతిదీ దెబ్బతింది. పుట్టింది మాసచూసెట్స్‌లో గ్రేట్ బారింగ్టన్ దగ్గర. 1820లో న్యూయార్క్ రాష్ట్రంలో లైసెన్స్ తీసుకుని పల్లెలో ప్రాక్టీస్ పెట్టాడు, పేషెంట్లు రాలేదు. ఊరు మార్చాడు, అక్కడా రాలేదు. పడమటికి పోదామని బయల్దేరితే ఫిలడెల్ఫియాలో అప్పులవాళ్ళు పట్టుకున్నారు, అక్కడే ఉండిపోయి కొన్నాళ్ళు బళ్ళో పాఠాలు చెప్పాడు. వెనెజువెలా వెళ్ళి రెండేళ్ళుండి వచ్చాడు, జెఫర్సన్ మెడికల్ కాలేజీలో 1827లో ఎండీ పట్టా కూడా తీసుకున్నాడు, అయినా నిలదొక్కుకోలేదు. 1832లో ఇంక వైద్యమే వద్దని న్యూ ఓర్లీన్స్‌లో వ్యాపారం పెడితే అదీ మునిగింది, పైగా ఆ ఊళ్ళో అప్పుడు కలరా ఒకవైపు, యెల్లో ఫీవర్ ఒకవైపు.

అలాంటి మనిషి బ్రజోరియాలో దిగి ఊరు చూశాడు, చూసి నచ్చక వెనక్కి పోదామని ఓడ ఎక్కే ఏర్పాట్లు కూడా చేసుకున్నాడు. ఊళ్ళో పెద్దలు జాన్ వార్టన్, ఓడ కెప్టెన్ జెరమయా బ్రౌన్ లాంటివాళ్ళు ఆపారు. ఆ ఏడే కలరా వచ్చి ఊరు అల్లాడిపోయింది, వాళ్ళకి డాక్టర్ కావాలి. కొన్నాళ్ళుండి చూడవయ్యా అన్నారు. ఉన్నాడు, కొద్దికాలంలోనే ఏడాదికి అయిదు వేల డాలర్ల ప్రాక్టీస్ అయ్యింది, ఆ రోజుల్లో అది చాలా పెద్ద డబ్బు.

ఇది చెప్తుంటే నాన్న మధ్యలో ఆపి "ఊరు డాక్టర్ని పట్టుకోవాలిరా, డాక్టర్ ఊరిని పట్టుకుంటే కుదరదు" అన్నారు. ఆయన అనుభవం అది. దగ్గర్లోని టౌన్లో క్లినిక్ పెట్టి రెండేళ్ళు ఈగలు తోలుకున్నాక, మా ఊరివాళ్ళు ఎడ్లబండి మీద ఒక పురుటి కేసు తీసుకొచ్చి, ఆ కేసు గట్టెక్కాక "మీరు మా ఊరొచ్చెయ్యండి సార్" అని సామాను ఎత్తుకుపోయారట. చిన్నప్పటి నుంచి వింటున్న కథే, ఈసారి ఇంకోలా వినపడింది.

ఊళ్ళో చూడాల్సింది ఒక చెట్టు. 1835 మార్చిలో ఆ ఓక్ చెట్టు దగ్గర ఆరుగురు ఎవరికీ తెలీకుండా కలుసుకుని టెక్సాస్‌లో మొదటి మేసన్ల లాడ్జి, అంటే ఫ్రీమేసన్లు అనే సోదర సంఘానికి శాఖ, పెట్టాలని నిర్ణయించుకున్నారు, అందులో జోన్స్ ఒకడు. తర్వాత ఆ లాడ్జికి పెద్ద కూడా ఆయనే అయ్యాడు. చెట్టు ఇంకా ఉంది. కొమ్మలు కిందకొచ్చి, నేలని తాకబోయి మళ్ళీ పైకి లేచాయి, ఒక్కో కొమ్మ నాన్న నడుమంత లావు. బెరడు చీలికల్లో చిన్న చిన్న ఫెర్న్ మొక్కలు, ఎండకి ముడుచుకుని గోధుమరంగులో ఉన్నాయి. గడ్డి కోస్తున్న పెద్దాయన మెషీన్ ఆపి మరీ వచ్చి, వాన పడితే సాయంత్రానికల్లా అవి మళ్ళీ పచ్చగా అయిపోతాయని చెప్పాడు. మేం ఎక్కడి నుంచి వచ్చామని అడిగాడు, డాక్టర్ జోన్స్ కోసం అంటే చాలా సంతోషపడ్డాడు, చెయ్యి తుడుచుకుని ఇద్దరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో క్యాట్‌ఫిష్ తిన్నాం. మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించిన చేప, పక్కన బెండకాయ ముక్కలు కూడా అదే పిండిలో వేయించినవి, పిండి ఉండలు, క్యాబేజీ స్లా, ప్లేటు పదిహేడు డాలర్లు, ఒకటి తెచ్చుకుంటే ఇద్దరికీ మిగిలింది. వడ్డించే ఆవిడ టీ గ్లాసు సగం అవ్వకముందే వచ్చి నింపి పోతుంది, ఎన్నిసార్లు వద్దన్నా నింపుతుంది. నాన్న పులిహోర డబ్బా తీసి ఒక స్పూను ఆవిడకి పెట్టారు, ఆవిడ తిని, కిచెన్లో ఇంకొకావిడని పిల్చుకొచ్చి ఆమె చేత కూడా తినిపించింది.

తిరిగొచ్చేటప్పుడు పియర్‌ల్యాండ్ మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్ళాం. అది కూడా బ్రజోరియా కౌంటీలోకే వస్తుందని నాకు ఆరోజే తెలిసింది. జోన్స్ గుర్రమెక్కి కేసులు చూసిన కౌంటీలో ఇప్పుడు మనవాళ్ళ పిల్లలకి అక్షరాభ్యాసాలు జరుగుతున్నాయి. ప్రసాదం దగ్గర ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్ళు కలిస్తే నాన్న వాళ్ళందరికీ జోన్స్ కథ చెప్పారు.

మార్చి 20, శాన్ జసింటో, హ్యూస్టన్

పొద్దున లించ్‌బర్గ్ ఫెర్రీ మీద కారుతో సహా నీళ్ళు దాటాం, టికెట్ లేదు, ఫ్రీ. చుట్టూ రిఫైనరీలు, పొగ గొట్టాలు, ఆ మధ్యలో 567 అడుగుల స్తంభం, పైన నక్షత్రం. 1836 ఏప్రిల్ 21న టెక్సాస్ వాళ్ళు మెక్సికో సైన్యాన్ని ఓడించింది ఇక్కడే, ఆ యుద్ధం పద్దెనిమిది నిమిషాల్లో అయిపోయిందని చెప్తారు. జోన్స్ టెక్సాస్ సైన్యంలో సర్జన్, కానీ మామూలు సిపాయిగానే ఉంటానని పట్టుబట్టి ఆ హోదాలోనే ఉన్నాడు. యుద్ధం అయ్యాక మైదానంలో మెక్సికన్ కల్నల్ ఆల్మోంటే డైరీ ఈయనకి దొరికింది, దాన్ని న్యూయార్క్ పత్రికకి పంపితే అచ్చేశారు. అంత గందరగోళంలో ఒక పుస్తకం కనపడితే అది పనికొచ్చే కాయితమని గుర్తుపట్టి దాచినవాడు అన్నమాట.

తిరిగి బ్రజోరియా వెళ్తే ఆయన ఆఫీసులో జేమ్స్ కాలిన్స్‌వర్త్ అనే లాయరు కూర్చుని ఉన్నాడు. జోన్స్ ద్వంద్వ యుద్ధానికి రమ్మని సవాలు చేసి మరీ ఖాళీ చేయించాడు. తర్వాత రిపబ్లిక్ రెండో కాంగ్రెస్‌కి, అంటే చట్టసభకి, ఎన్నికయ్యాడు. అక్కడ ముందు పట్టుకున్న పనుల్లో ఒకటి వైద్యం ఎవరు పడితే వాళ్ళు చెయ్యకుండా చట్టం తేవడం, 1837లో డాక్టర్లని పరీక్షించే బోర్డు వచ్చింది. స్కూళ్ళకి, యూనివర్సిటీకి భూములు పక్కన పెట్టాలని కూడా గట్టిగా అడిగాడు. నాన్నకి ఆ బోర్డు సంగతి చాలా నచ్చింది, ఎందుకంటే మా వైపు ఇప్పటికీ ప్రతి జ్వరానికీ స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిచేవాళ్ళున్నారు, వాళ్ళు పాడుచేసిన కేసులు చివర్లో ఆయన దగ్గరికే వచ్చేవి.

ఆ రెండో కాంగ్రెస్ కూర్చున్నది హ్యూస్టన్ డౌన్‌టౌన్లో, టెక్సాస్ అవెన్యూ, ట్రావిస్ వీధి కలిసే మూల. పార్కింగ్‌కి పద్దెనిమిది డాలర్లు పోసి ఆ మూలకే వెళ్ళాం. కాపిటల్ బిల్డింగ్ తర్వాత హోటలైంది, ఓల్డ్ కాపిటల్ హోటల్ అనేవాళ్ళు. దాన్ని కొట్టేసి కట్టినదాని స్థానంలో 1913లో రైస్ హోటల్ లేచింది, అదిప్పుడు అపార్ట్‌మెంట్లు. కింద షాపులు, స్కూటర్లు, లంచ్‌కి పరిగెత్తే ఆఫీసు జనం. జోన్స్ రాజకీయం మొదలైన చోటు ఇదే, 1858 జనవరి 9న ఈ హోటల్ గదిలోనే తుపాకీతో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అంతకుముందు నాలుగు రోజులు ఆ గదిలో ఒంటరిగా ఉన్నాడట. నాన్న కాసేపు ఆ కాలిబాట మీద నిలబడి పై అంతస్తుల వంక చూస్తూ ఉండిపోయారు. "నాలుగు రోజులు. ఒక్కళ్ళు తలుపు కొట్టి ఎట్టున్నావని అడిగుంటే" అన్నారు. ఆయన చేతుల మీదుగా పురుగుమందు కేసులు ఎన్ని వెళ్ళాయో నాకు తెలుసు, పొగాకు రేటు పడిపోయిన ఏడు అయితే వారానికొకటి వచ్చేది. నేనేం మాట్లాడలేదు.

గ్లెన్‌వుడ్ శ్మశానం అక్కడికి దగ్గరే, వాషింగ్టన్ అవెన్యూ మీద. లోపలికి వెళ్తే గుట్టలు, వంపులు, పెద్ద చెట్లు, హ్యూస్టన్లో నేల ఇంత ఎత్తుపల్లాలుగా ఉండటం నేనెక్కడా చూడలేదు. విమానాల కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్ సమాధి కూడా ఇక్కడే, జనం దాని కోసమే వస్తారు. ఆఫీసులో ఆవిడ మ్యాప్ మీద పెన్నుతో గీసిచ్చింది. జోన్స్ రాయి దగ్గర మేం తప్ప ఎవరూ లేరు. నాన్న రాలిన ఆకులు తీసేశారు, నేను నీళ్ళ బాటిల్‌తో అక్షరాల మీద దుమ్ము కడిగాను.

సాయంత్రం హిల్‌క్రాఫ్ట్‌లో భోజనం, గోంగూర మటన్, రెండు ప్లేట్లు, ఒక పెరుగన్నం, నలభై మూడు డాలర్లు.

మార్చి 21, వాషింగ్టన్ ఆన్ ద బ్రాజోస్

బ్రెన్‌హామ్ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన బ్లూబోనెట్ పూలు మొదలయ్యాయి, ముందు అక్కడక్కడా గుంపులు, తర్వాత పొలాలకి పొలాలే. కార్లు ఆపేసి పిల్లల్ని ఆ పూలల్లో కూర్చోబెట్టి ఫోటోలు తీసుకుంటున్నారు. ఒక బ్రిడ్జి దగ్గర రోడ్డు పని జరుగుతోందని పోలీసు దారి మళ్ళించాడు, ఆ మళ్ళింపులో ఇండిపెండెన్స్ అనే పల్లె తగిలింది, అక్కడ గడ్డిలో నాలుగు రాతి స్తంభాలు ఒంటరిగా నిలబడి ఉన్నాయి. బేలర్ యూనివర్సిటీ మొదలైన ఊరు ఇది, ఆ పాత కాలేజీ బిల్డింగ్‌లో మిగిలింది ఆ స్తంభాలే. 1845 ఫిబ్రవరి 1న దాని చార్టర్ మీద సంతకం పెట్టిన ప్రెసిడెంట్ జోన్సే. దారి మళ్ళించకపోతే మేం అటు వెళ్ళేవాళ్ళమే కాదు. బేకరీలో కొలాచీలు కొనుక్కున్నాం, చెక్ వాళ్ళు ఇక్కడికి తెచ్చిన బన్ను, మధ్యలో ఆప్రికాట్ జామ్, ఇంకోదాంట్లో గసగసాల ముద్ద. గసగసాలది నాన్న రెండు తిన్నారు.

వాషింగ్టన్ ఆన్ ద బ్రాజోస్ ఒకప్పటి రాజధాని, ఇప్పుడు ఊరనేది లేదు, పార్కే. రైలు మార్గం వేరే దారిన పోయాక జనం వెళ్ళిపోయారు. 1836 మార్చి 2న స్వాతంత్ర్య ప్రకటన చేసిన హాలుని మళ్ళీ కట్టి పెట్టారు, కిటికీలకి అద్దాల్లేవు, గుడ్డలే. మార్చి చలిలో యాభై తొమ్మిది మంది అందులో కూర్చుని సంతకాలు పెట్టారు.

మేం వచ్చింది బారింగ్టన్ ఫార్మ్ కోసం. పుట్టిన ఊరి పేరు పెట్టుకుని జోన్స్ కట్టుకున్న ఇల్లు, 1844–45 నాటిది, అసలు చోటు నుంచి 1936లో ఈ పార్కులోకి జరిపారు. ఇల్లు మాత్రం అసలుదే. చెక్క ఇల్లు, మధ్యలో గాలి ఇటు నుంచి అటు పోయేలా తెరిచి వదిలిన నడవ, రెండు పక్కలా గదులు. చుట్టూ వంటిల్లు, పొగగది, పశువుల కొట్టం మళ్ళీ కట్టారు, అప్పటి బట్టలేసుకున్న ఉద్యోగులు ఎద్దులతో దున్నుతున్నారు, వంటింట్లో ఒకమ్మాయి ఇనప పెనంలో మొక్కజొన్న రొట్టె కాలుస్తోంది. పొలంలో ఏ నెల ఏం చెయ్యాలో వాళ్ళకి జోన్స్ రాసుకున్న డేబుక్కే ఆధారం, వాన, ఎండ, ఏ చేను, ఏ పని అన్నీ అందులో ఉన్నాయట. ఎద్దుల్ని తోలే కుర్రాడు నాన్నని కాడి పట్టుకోనిచ్చాడు. నాన్న కాడి కింద మెడ దగ్గర తడిమి చూసి "ఇక్కడ ఒరుసుకుంటోంది, నూనె రాయండి" అని చెప్పారు, ఆ అబ్బాయి వంగి చూసి అవునన్నాడు.

పెరట్లో రెండు చిన్న గుడిసెలు కూడా ఉన్నాయి. బానిసలవి. మాసచూసెట్స్‌లో పుట్టినవాడు, అప్పుల బాధ ఏంటో, పరాయి ఊళ్ళో దిక్కు లేకపోవడం ఏంటో అనుభవించినవాడు, ఇక్కడికొచ్చి మనుషుల్ని కొని వాళ్ళ చేత పత్తి పండించాడు. ఒక్కటే గది, పొయ్యి, పరుపు, మట్టినేల వాసన. ఆయన మీద నాకు ఎంత జాలి ఉన్నా ఈ గుడిసెలో నిలబడినప్పుడు ఆ జాలి అంతా ఆయనకే ఇవ్వడం తప్పనిపించింది. గైడ్ కూడా ఈ సంగతి దాచకుండా, తొందరపడకుండా చెప్పాడు, అది నాకు నచ్చింది.

నడవలో బెంచీ మీద కూర్చుని పులిహోర తింటూ, తర్వాతి కథ నాన్నకి నేనూ నాకు ఆయనా చెప్పుకున్నాం. జోన్స్ 1844లో ప్రెసిడెంట్‌గా గెలిచాడు, ఒక్క ప్రచార ఉపన్యాసం కూడా ఇవ్వకుండా. అంతకుముందు ప్రెసిడెంట్‌గా ఉన్న శామ్ హ్యూస్టన్ దగ్గర విదేశాంగ మంత్రి లాంటి పదవిలో ఉన్నాడు. జనమంతా అమెరికాలో కలిసిపోవాలని ఊగిపోతున్నారు, ఈయన మాత్రం బేరం బలంగా ఉండాలంటే రెండు కాయితాలు చేతిలో ఉండాలన్నాడు, ఒకటి అమెరికా పిలుపు, ఇంకోటి మెక్సికో నుంచి స్వాతంత్ర్యానికి గుర్తింపు. బ్రిటన్ ప్రతినిధి చార్లెస్ ఇలియట్ 1845లో గుట్టుగా మెక్సికో వెళ్ళి ఆ రెండో కాయితం తెచ్చాడు. జోన్స్ చెప్పినట్టే రెండూ జనం ముందు పెట్టాడు. ఈలోపు ఆలస్యం చేస్తున్నాడని, ద్రోహి అని ఆయన దిష్టిబొమ్మలు తగలబెట్టారు. జులై 4న ఆస్టిన్లో కన్వెన్షన్, అంటే ప్రతినిధుల సభ, ఒక్క ఓటు తప్ప అంతా విలీనానికి ఒప్పుకుంది. పని ఆయన అనుకున్నట్టే అయింది, పేరు మాత్రం ఆయనకి రాలేదు.

అప్పటి నుంచి పన్నెండేళ్ళు ఈ ఇంట్లో కూర్చుని ఆయన ఎదురుచూసింది ఒక్కదాని కోసం, అమెరికా సెనేట్ సీటు. అప్పట్లో సెనేటర్లని జనం ఎన్నుకోరు, మన ఎమ్మెల్యేలు రాజ్యసభకి ఓటేసినట్టు రాష్ట్ర శాసనసభ ఎన్నుకుంటుంది. 1846లో శామ్ హ్యూస్టన్‌కీ, రస్క్ అనే ఇంకో నాయకుడికీ ఇచ్చారు. 1849లో ఈయన కింద పడి ఎడమ చెయ్యి దెబ్బతింది, తర్వాత ఎండిపోయింది. నాన్న ఇక్కడ డాక్టర్ అయిపోయారు, నరం తెగిందా, రక్తం ఆగిందా, రంగు మారిందంటే రక్తప్రసారమే అయ్యుండాలి, ఆ నొప్పితో నిద్ర ఉండదు, నిద్ర లేకపోతే మనసు కుదురుగా ఉండదు, ఇలా. హ్యూస్టన్ మీద కోపం ఎంత పెరిగిందంటే పెద్దకొడుక్కి పెట్టిన శామ్ హ్యూస్టన్ అనే పేరు కూడా మార్చేశాడు. 1857లో రస్క్ చనిపోయి సీటు ఖాళీ అయింది, హ్యూస్టన్ సీటు కూడా ఖాళీ అవుతోంది, ఈసారి తప్పకుండా పిలుస్తారనుకున్నాడు. శాసనసభ వేరే ఇద్దరిని ఎన్నుకుంది. జోన్స్‌కి ఒక్క ఓటు కూడా పడలేదు. వచ్చిన రేటుకి ఈ తోట అమ్మేసి జోన్స్ హ్యూస్టన్ ఊరికి వెళ్ళిపోయాడు.

నాన్న చాలాసేపు ఏం అనలేదు. తర్వాత, నేను ఇంటర్లో ఉన్నప్పుడు ఒక పార్టీ వాళ్ళు ఇంటికొచ్చి టికెట్ ఇస్తామన్న సంగతి ఎత్తారు. నాకు లీలగా గుర్తుంది, తెల్ల అంబాసిడర్లు, ముందు గదిలో చాలామంది చెప్పులు. "నెలరోజులు ఫోన్ మోగితే వాళ్ళేనేమో అనుకునేవాణ్ణిరా. ఓపీలో కూర్చుని పేషెంట్ మాట సగమే వినేవాణ్ణి. ఒకరోజు ఒక పిల్లాడికి డోసు తప్పు రాయబోయి ఆగా. ఆరోజు రాత్రి మీ అమ్మతో చెప్పా, నాకొద్దని." ఇది ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. "ఈయన కూడా ఇక్కడ మందులపెట్టె తెరుచుకుని కూర్చుంటే, పొద్దున లేచేసరికి నలుగురు ఈ నడవలో ఉండేవాళ్ళు" అని, ఖాళీ డబ్బా మూత పెట్టారు.

వెళ్ళేముందు బ్రెన్‌హామ్‌లో బ్లూబెల్ ఐస్‌క్రీం తిన్నాం, ఆ ఊళ్ళోనే తయారవుతుంది. ఇద్దరికీ కలిపి అయిదు డాలర్లు కూడా కాలేదు.

మార్చి 22, ఆస్టిన్

పొద్దున గుడ్డు, బంగాళాదుంప పెట్టిన టాకోలు, నాన్న తనతో తెచ్చుకున్న మాగాయ అందులో వేసుకున్నారు, నేనూ వేసుకున్నాను, చాలా బాగుంది, ఎవరైనా చేసి చూడండి.

కాపిటల్ బిల్డింగ్‌లోకి టికెట్ లేదు. గుమ్మటం కింద నేల మీద టెక్సాస్ రిపబ్లిక్ ముద్ర, చుట్టూ గోడల మీద అంతస్తుల వారీగా ప్రెసిడెంట్లు, గవర్నర్ల పటాలు. కొత్త గవర్నర్ పటం కింద పెడతారు, పాతవన్నీ ఒక్కో చోటు జరుగుతూ పైకి పోతాయి. అందుకని జోన్స్ పైన ఎక్కడో ఉన్నాడు, నాన్న మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కారు, లిఫ్ట్ ఉందన్నా వినలేదు. పటంలో మనిషి సన్నటి పెదాలు, బిగించిన నోరు. "ఈయన పేషెంట్‌తో నవ్వి మాట్లాడి ఉంటాడా" అని నాన్న అనుమానం.

1846 ఫిబ్రవరి 19న ఈ ఊళ్ళోనే, అప్పటి చెక్క కాపిటల్ ముందు, జోన్స్ అధికారం కొత్త గవర్నర్ హెండర్సన్‌కి అప్పగించాడు. ఈ మహా నాటకంలో చివరి అంకం ముగిసింది, టెక్సాస్ రిపబ్లిక్ ఇక లేదు, అని చెప్పి జెండా దింపించాడు. తన దేశాన్ని తన చేత్తోనే ముగించిన ప్రెసిడెంట్లు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు, అదీ యుద్ధం లేకుండా, జనం ఓటుతో. నాకైతే ఆయన చేసినవాటిలో అన్నిటికన్నా పెద్ద పని అదే అనిపిస్తుంది.

మార్చి 23, ఆన్సన్

ఆస్టిన్ నుంచి వాయవ్యానికి నాలుగు గంటల పైనే డ్రైవ్, చెట్లు పొట్టిగా అయిపోతాయి, మట్టి ఎర్రబడుతుంది, గాలిమరలు వరసలు వరసలుగా వస్తాయి. అబిలీన్ దాటి ఇరవై మైళ్ళు పైన ఆన్సన్. కౌంటీ పేరు జోన్స్, ఊరు పేరు ఆన్సన్, ఆయన ఈ దరిదాపుల్లో ఎప్పుడూ కాపురం లేడు. ఇంకోటి, ఒక్క ఓటు వెయ్యని ఆ శాసనసభే, ఆయన పోయిన కొన్ని వారాలకి, 1858లోనే ఈ కౌంటీకి ఆయన పేరు పెట్టింది. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది.

ఊరు మధ్యలో గుమ్మటం ఉన్న కోర్టు, దాని ముందు జోన్స్ విగ్రహం. ఈ ఊళ్ళో చాలా ఏళ్ళు బహిరంగంగా డాన్స్ చెయ్యకూడదని రూల్ ఉండేది, క్రిస్మస్ ముందు జరిగే కౌబాయ్ బాల్‌కి మాత్రమే మినహాయింపు, 1987లో ఆ రూల్ తీసేశారు. పోస్టాఫీసు లోపల గోడ మీద ఆ డాన్స్ బొమ్మే పెద్దగా వేసి ఉంది, 1941 నాటిది. హోటల్లో చికెన్ ఫ్రైడ్ స్టేక్, పేరులో చికెన్ ఉన్నా అది బీఫే, పైన తెల్లటి గ్రేవీ, పద్నాలుగు డాలర్లు. నాన్న బీఫ్ తినరు, చిక్కుడు గింజలు, కార్న్‌బ్రెడ్ తెప్పించుకున్నారు, వాళ్ళు దానికి నాలుగే తీసుకున్నారు.

విగ్రహం దగ్గర నాన్న ఆయన భార్య మేరీ గురించి అడిగారు. పద్దెనిమిదేళ్ళకే మొదటి భర్త పోయాడు, పెళ్ళైన కొన్ని వారాలకే. జోన్స్ పోయేటప్పటికి నలుగురు పిల్లలు. వాళ్ళలో చార్లెస్ ఇలియట్ అనే కొడుకు అమెరికా సివిల్ వార్‌లో షైలో అనే చోట జరిగిన యుద్ధంలో చనిపోయాడు, ఆ బ్రిటిష్ దూత పేరు పెట్టుకున్న పిల్లాడు. ఆవిడ గూస్ క్రీక్ దగ్గర పొలం చేసుకుని మిగతావాళ్ళని పెంచింది, 1891లో డాటర్స్ ఆఫ్ ద రిపబ్లిక్ ఆఫ్ టెక్సాస్ అనే ఆడవాళ్ళ సంఘం పెడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే, 1907 చివరిరోజు దాకా బతికింది. "ఆవిడ బొమ్మ కూడా ఇక్కడ పక్కన పెట్టాల్సింది" అన్నారు నాన్న, నాదీ అదే మాట.

మేం మాట్లాడుకుంటుంటే కోర్టు మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దావిడ పలకరించింది. విగ్రహం చూడ్డానికి ఫ్రిస్కో నుంచి వచ్చామంటే ఆశ్చర్యపోయింది. నాన్న నేనూ డాక్టర్నే, ఇండియాలో పల్లెలో చేశాను అన్నారు. అంతే, ఆవిడ షూ లేసు వదులు చేసి చీలమండ చూపించింది. నాన్న ఎదురుగా మెట్టు మీద కూర్చుని, అడిగి, బొటనవేలితో నొక్కి చూశారు, గుంట పడి మెల్లగా నిండింది. రెండో కాలు కూడా చూశారు. ఏం మాత్రలు వేసుకుంటున్నారని అడిగితే ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ బోర్లించి సీసాలన్నీ మెట్టు మీద పెట్టింది, అందులో బీపీకి ఆమ్లోడిపిన్ ఉంది. ఇది కొందరికి ఇలా కాళ్ళ వాపు తెస్తుంది, మీ అంతట మీరు ఆపొద్దు, మీ డాక్టర్‌కి ఈ మాట చెప్పండి, ఆయాసం ఉంటే మాత్రం ఈరోజే వెళ్ళండి అన్నారు. ఆవిడ కోర్టు కాయితం వెనకాల ఆ మాటలన్నీ రాసుకుని, స్పెల్లింగ్ నాన్న చేత సరిచూపించుకుంది. ఈలోపు ఇంకొకాయన భుజం నొప్పి అంటూ వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

ముప్పావుగంట ఆలస్యంగా బయల్దేరాం. వెదర్‌ఫర్డ్‌లో పెట్రోలు పోయించా, మొత్తం ప్రయాణానికి పెట్రోలే నూటయాభై డాలర్లు దాకా అయింది. కార్లో నాన్న ఆవిడ మాత్రల లిస్టు మళ్ళీ గుర్తు చేసుకుంటూ, "ఆ మందొక్కటి మార్చారంటే వారం పది రోజుల్లో వాపు తీసేస్తుంది, ఫోన్ నంబరు తీసుకుని ఉండాల్సిందిరా" అన్నారు.